మిగిలిన అన్నంతో జపాన్ ఫ్రైడ్ రైస్: మన నల్లగొండ వంటింట్లో తరచుగా వచ్చే సందేహాలు

ఒసాకాలో ఏడాదిన్నర ఉండి నల్లగొండకు తిరిగొచ్చాక, రాత్రి మిగిలిన అన్నంతో మా ఇంట్లో ఎక్కువగా చేసే వంట ఇదే. తిన్నవాళ్లు ఇంటికి పోయి చేసి చూస్తారు, ఆ సాయంత్రమే ఫోన్ వస్తుంది. "అక్కా, ముద్దయింది", "అక్కా, నల్లగైంది", "గుడ్డు ముందా, అన్నం ముందా?" మిర్యాలగూడ నుంచి మా పిన్ని అడిగినా, పాలమూరు నుంచి స్నేహితురాలు అడిగినా సందేహాలు మాత్రం అవే. అందుకే జవాబులన్నీ ఒక్కచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

బండి మీద అమ్మే ఫ్రైడ్ రైస్‌కి, దీనికి తేడా ఏంటి?

రెండింటి మూలం చైనాయే. చైనా నుంచి వెళ్లి యోకొహామా, కోబే లాంటి ఓడరేవు ఊళ్లలో స్థిరపడినవాళ్ల వంట మెల్లగా జపాన్ ఇళ్లలోకి చేరింది. అక్కడ దీన్ని చాహన్ అంటారు, యాకిమేషి అని కూడా అంటారు. యాకి అంటే కాల్చింది, వేయించింది. మేషి అంటే అన్నం, భోజనం కూడా. మనం "అన్నం తిన్నావా" అని భోజనం గురించి అడిగినట్టే వాళ్లకూ అన్నం, భోజనం ఒకే మాట.

మన బండి మీద రుచి సాసులది: చిల్లీ సాస్, వెనిగర్, డార్క్ సోయా, వీటితోపాటు బోలెడంత క్యాబేజీ. చాహన్‌లో రుచి అన్నానిదే. గుడ్డు, ఉల్లాకు, ఉప్పు, మిరియాల పొడి, చివర్లో చెంచాడు సోయా సాస్, అంతే. పళ్లెంలో చూస్తే లేత పసుపు రంగులో, గింజకు గింజ విడిగా కనిపించాలి. మొదటిసారి తిన్నవాళ్లకు చప్పగా ఉందనిపించవచ్చు. నాలుగో చెంచాకు అన్నం తియ్యదనం తెలుస్తుంది.

మనం పొద్దున చేసుకునే పోపన్నం లాంటిదేనా?

ఉద్దేశం ఒకటే, మిగిలిన అన్నం పారేయకుండా కమ్మగా తినడం. పద్ధతి వేరు. పోపన్నంలో నూనెలో ఆవాలు, జీలకర్ర, పల్లీలు, పచ్చిమిరపకాయలు, కల్యామాకు వేయించి, పసుపు వేసి, అన్నం కలిపి దించేస్తాం. ఆ రుచంతా పోపుది, అన్నం దాన్ని పట్టుకుంటుంది. చాహన్‌లో అన్నమే వేగాలి. ప్రతి గింజ మీద పల్చగా నూనె, గుడ్డు పట్టి, పైన తేమ ఆరి, లోపల మెత్తగా ఉండాలి. పోపన్నం బాగా చేసేవాళ్ల చేతికి ఇది త్వరగానే వస్తుంది. మంట పెంచడానికి భయపడకపోతే చాలు.

## అన్నం సంగతి

జపాన్ బియ్యం కొనాలా? మన సోనా మసూరితో రాదా?

కొనాల్సిన పని లేదు. జపాన్ బియ్యం పొట్టిగా, గుండ్రంగా ఉండి, ఉడికాక ఒకదానికొకటి అంటుకుంటుంది. చాప్‌స్టిక్‌లతో తినడానికి ఆ జిగట బాగుంటుంది కానీ, వేయించడానికి అదే అడ్డం. గింజలు విడదీయడానికి అక్కడివాళ్లు పడే తిప్పలన్నీ ఆ జిగట వల్లనే. మన సాంబ మసూరి (బీపీటీ 5204), తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) సన్నగా ఉండి సహజంగానే విడివిడిగా ఉడుకుతాయి. సాగర్ ఎడమ కాల్వ కింద పండి మిర్యాలగూడ మిల్లుల్లో ఆడిన సన్నబియ్యం ఇంట్లో ఉంటే వేరే బియ్యం వెతక్కండి. తేడా ఒక్కటే, జపాన్ గింజ నమిలితే కాస్త సాగినట్టుంటుంది, మనది పొడిగా ఉంటుంది. బాస్మతి వద్దంటాను. దాని వాసన సోయా సాస్‌తో కలవదు.

కొత్త బియ్యమా, పాత బియ్యమా అన్నదే నిజంగా చూసుకోవాలి. కొత్త బియ్యం అన్నం మెత్తబడి అంటుకుంటుంది. ఆరు నెలలు దాటిన బియ్యమైతే హాయి.

రాత్రి అన్నమే కావాలా? అప్పుడే వండింది పనికిరాదా?

పనికొస్తుంది. జపాన్‌లో చాలామంది వేడి అన్నంతోనే చేస్తారు. కావాల్సింది పాత అన్నం కాదు, పైన తడి లేని అన్నం. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో చల్లబడినప్పుడు లోపలి పిండిపదార్థం బిగుసుకుంటుంది, పై తేమ కొంత ఆరుతుంది. అందుకే అది తొందరగా ముద్దకాదు. అప్పుడే వండిన అన్నం వాడాలంటే నీళ్లు తగ్గించి, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు పోసేవాళ్లు గ్లాసున్నర నుంచి గ్లాసు ముప్పావు పోసి వండండి. గంజి వార్చే అలవాటుంటే ఇంకా మంచిది. ఉడికిన అన్నాన్ని వెడల్పాటి తాంబాళంలో పరిచి, ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలు ఆవిరి పోనివ్వండి. చేత్తో తాకితే వేళ్లకు తడి అంటకూడదు.

అన్నం మెత్తగా ఉడికిపోయింది. ఏమన్నా చేయొచ్చా?

చాహన్ చేయకండి. ఎంత మంట పెట్టినా అది ముద్దే అవుతుంది, నూనె పోసినకొద్దీ జిడ్డు. మజ్జిగ కలిపి పెరుగన్నం చేసుకోండి, కమ్మగా తినొచ్చు.

రాత్రంతా పొయ్యి గట్టు మీదే ఉన్న అన్నం వాడొచ్చా? బాగా వేయిస్తాం కదా?

వద్దు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ సర్ది చెప్పను.

బియ్యంలో బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మొలిచి, పెరిగి, ఒక విషాన్ని తయారు చేస్తాయి. బ్యాక్టీరియా వేడికి చచ్చినా, వాంతులు తెప్పించే ఆ విషం మాత్రం వేయించినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. దీనికి ఇంగ్లిషులో ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్ అనే పేరే ఉంది. వాసన, రంగు చూసి కనిపెట్టలేం. ఎండాకాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రి వంటిల్లు కూడా చల్లబడదు. ఆ బ్యాక్టీరియా పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

"మా అమ్మమ్మ కాలం నుంచి సద్ది తింటున్నాం, ఏం కాలేదు" అని చాలామంది అంటారు. సద్దన్నం నీళ్లలోనో మజ్జిగలోనో నాని పులుస్తుంది, ఆ పులుపు చాలా సూక్ష్మజీవులను ఎదగనివ్వదు. గిన్నెలో పొడిగా మూతపెట్టి వదిలేసిన అన్నానికి ఆ రక్షణ లేదు. రెండూ ఒకటి కావు.

చేయాల్సింది చిన్న పని. రాత్రి భోజనాలవగానే మిగిలిన అన్నాన్ని తాంబాళంలో పల్చగా పరచండి. గంటలోపు చల్లార్చి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడే వాడేయండి.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఇక చేసుకోలేమా?

చేసుకోవచ్చు. పొద్దున వండిన అన్నంలోంచి తీసి, ఆవిరి పోయేలా ఆరబెట్టి, గంట రెండు గంటల్లోపే వేయించుకోండి. రాత్రి మిగిలింది మాత్రం దీనికి వాడకండి.

ఫ్రిజ్‌లోంచి తీస్తే గడ్డలు గడ్డలుగా ఉంది. గంటెతో కొడితే మెతుకులు విరుగుతున్నాయి.

చల్లటి గింజ పెళుసుగా ఉంటుంది. అందులోనూ మన సన్నబియ్యం ఇంకా త్వరగా విరుగుతుంది. కడాయిలో వేశాక కొట్టడం కాదు, వేయకముందే విడదీయాలి. చేతులు కొంచెం తడి చేసుకుని, గడ్డను రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నలపండి, మెతుకులు జారినట్టు రాలతాయి. మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే ముందు ఒక నిమిషం గోరువెచ్చగా చేయండి. జపాన్ ఇళ్లలో మామూలుగా చేసే పని అదే. వెచ్చటి అన్నం కడాయి వేడిని కూడా తగ్గించదు.

## సరుకులు

సోయా సాస్ ఏది కొనాలి? షాపులో డార్క్ సోయా ఒక్కటే దొరుకుతోంది.

డార్క్ సోయాలో రంగు కోసం కారమెల్ కలుపుతారు. అది చిక్కగా, నల్లగా ఉంటుంది. ఒక చెంచాకే అన్నమంతా గోధుమరంగుకు మారి, రుచి బరువెక్కుతుంది. జపాన్ సోయా సాస్ సోయా గింజలు, గోధుమలు, ఉప్పుతో నెలల తరబడి పులియబెట్టి చేసేది. పల్చగా, వాసన ఎక్కువగా ఉంటుంది. పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో కిక్కోమన్ లాంటి రకాలు దొరుకుతాయి. లేకపోతే లైట్ సోయా తీసుకోండి. డార్క్ ఒక్కటే ఉంటే అర చెంచాకు అర చెంచా నీళ్లు కలిపి వాడి, మిగతా ఉప్పదనం మామూలు ఉప్పుతో సరిచూసుకోండి. గోధుమ పడనివాళ్లు సీసా మీద చదివే కొనాలి, చాలా సోయా సాసుల్లో గోధుమ ఉంటుంది.

మిరిన్, సాకే లేకుండా కుదురుతుందా?

కుదురుతుంది. మిరిన్ అంటే బియ్యంతో చేసే తియ్యటి వంట మద్యం, చాలా ఇళ్లలో దీనికి వాడనే వాడరు. సాకే అనే బియ్యపు మద్యం కొందరు చెంచాడు చల్లుతారు, మానేసినా నష్టం లేదు.

నువ్వుల నూనె వేయమంటారు. మన గానుగ నూనె వేస్తే ఆ వాసన రావట్లేదు.

వాళ్లు నువ్వులను బాగా వేయించి నూనె తీస్తారు, అందుకే ముదురు రంగు, ఘాటైన వాసన. మన గానుగ నువ్వుల నూనె పచ్చి నువ్వులది. రెండూ వేరు వేరు సరుకులు. వేయించడానికి పల్లి నూనె వాడండి, మంటను బాగా తట్టుకుంటుంది. వనపర్తి, గద్వాల వైపువాళ్లకు మంచి పల్లి నూనె ఇంటి సరుకే. వాసన కోసం చెంచాడు నువ్వులు దోరగా వేయించి, రోట్లో ఒక్క దెబ్బ దంచి, దించేముందు చల్లండి. నాకు సీసా నూనె కన్నా ఇదే ఇష్టం.

అజినమోటో వేయాలా? అది మంచిది కాదంటారు కదా?

వేయక తప్పదేం కాదు, వేస్తే భయమూ అక్కర్లేదు. 1908లో కికునాయె ఇకెదా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు పులుసులో రుచి ఎక్కడిదని వెతికి ఈ పదార్థాన్ని కనుక్కున్నాడు. మరుసటి ఏడు అజినమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. టమాటలో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే గ్లుటమేటే ఇది. ఇద్దరికి చేసేదాంట్లో చిటికెడు చాలు, అది వేసినప్పుడు ఉప్పు కొంచెం తగ్గించండి. మా ఇంట్లో చికెన్ ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు మిగిలితే అవే చల్లుతాం, అప్పుడు ఇది అవసరం రాదు.

పంది మాంసం లేకుండా చేస్తే అది జపాన్‌దే అవుతుందా?

అవుతుంది. అక్కడి హోటళ్లలో చాషు అనే పంది మాంసం ముక్కలు వేస్తారు. ఇళ్లలో మాత్రం హామ్, సాసేజ్, రొయ్యలు, డబ్బా చేప, ఏది ఉంటే అది. మనం ఉప్పేసి ఉడికించిన చికెన్‌ని పల్లీగింజంత ముక్కలు కోసి వేసుకోవచ్చు. రాత్రి కోడికూరలో ముక్కలు మాత్రం వద్దు, మసాలా వాసన అన్నాన్ని కప్పేస్తుంది.

శనివారం గుడ్డు తినం. గుడ్డు లేకుండా ఎట్ల?

పుట్టగొడుగులు సన్నగా కోసి, పొడిగా వేయించి వేయండి. వాటి రుచి దీనికి బాగా కుదురుతుంది. టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) దొరికితే గుడ్డలో గట్టిగా పిండి, నలిపి, పొడిపొడిగా వేయించండి. పన్నీరు కూడా అలాగే చేయొచ్చు కానీ, పాల వాసన కొంచెం ముందుకొస్తుంది.

కూరగాయలు ఎన్ని వేయొచ్చు? పిల్లలు తినాలని క్యారెట్, బీన్స్, క్యాప్సికం అన్నీ వేశా, నీరొచ్చింది.

అందుకే ముద్దయింది. అన్నంలో ఐదో వంతు మించితే కూరగాయల నీళ్లు అన్నాన్ని ఉడికిస్తాయి, వేగనివ్వవు. ఉల్లాకుతోపాటు ఒక్క రకం చాలు. పిల్లల కోసం ఎక్కువ పెట్టాలంటే విడిగా వేయించి, నీరంతా పోయాక పక్కన పెట్టి, దించేముందు కలపండి.

కారం లేకుండా మా ఇంట్లో ఎవరూ ముట్టరు.

అన్నంలో కారప్పొడి కలపకండి, మంటకు మాడి చేదెక్కుతుంది. పళ్లెం పక్కన ఎండు మిరపకాయలు, ఎల్లిగడ్డ నూరిన కారం పెట్టండి, ఎవరికి కావాల్సినంత వాళ్లు నంజుకుంటారు.

## పొయ్యి మీద

ఒక్కరికి కొలతలు, పద్ధతి ఒక్కసారి చెప్పండి.

విడదీసిన అన్నం 200 గ్రాములు, గుడ్డు ఒకటి, పల్లి నూనె చెంచాన్నర (పెద్ద చెంచా), ఉల్లాకు రెండు మూడు కాడలు, ఉప్పు చిన్న చెంచాలో పావుకు కాస్త తక్కువ, మిరియాల పొడి రెండు చిటికెలు, సోయా సాస్ ఒక చిన్న చెంచా. తెల్ల మిరియాలైతే అసలు వాసన వస్తుంది, నల్లవైనా పర్వాలేదు. అన్నీ పొయ్యి పక్కన సర్దుకున్నాకే మంట వెలిగించండి, మధ్యలో డబ్బా వెతికే టైం ఉండదు.

కడాయి పొగ లేచేదాకా కాగనిచ్చి నూనె పోసి, అంచులకు పట్టేలా తిప్పండి. గిలక్కొట్టిన గుడ్డు పోస్తే వెంటనే బుస్సున పొంగాలి. ఐదారు సెకన్లలో, గుడ్డు ఇంకా సగం పచ్చిగా ఉండగానే అన్నం వేయండి. గంటె వెనకభాగంతో అన్నాన్ని అదిమి పరచడం, అడుగు నుంచి తీసి తిరగేయడం, ఈ రెండే పనులు. ఉల్లాకు తెల్లభాగం, ఉప్పు, మిరియాలు వేసి ఇంకో రెండు నిమిషాలు. సోయా సాస్ అంచున పోసి, ఉల్లాకు పచ్చభాగం చల్లి దించండి. మొత్తం నాలుగు నిమిషాలు దాటదు.

వేగిందని ఎట్ల తెలుస్తుంది?

చెవితో. ఒసాకాలో మేమున్న ఇంటి కింద చిన్న హోటల్ ఉండేది. వంటాయన అన్నం వేశాక కడాయిలోకి పెద్దగా చూసేవాడు కాదు. మొదట తడిగా సుయ్ సుయ్ మనే చప్పుడు వస్తుంది, అది నీళ్లు ఆవిరవుతున్న చప్పుడు. కాసేపటికి అది తగ్గి, మెతుకులు ఇనుముకు తగిలి చిటపటమంటూ పొడిగా మోగుతాయి. ఎగరేస్తే గింజలు ఒక్కొక్కటిగా ఎగిరి, ఇసుక రాలినట్టు పడతాయి. ఆ చప్పుడు మారగానే ఆయన చేయి సోయా సాస్ మీదికి పోయేది. ఇంటికొచ్చి మూడు నెలలు చేశాక నాకు ఆ తేడా వినిపించింది. ఫ్యాను, మిక్సీ ఆపి చేయండి, మీకూ వినిపిస్తుంది.

గుడ్డు ముందా, అన్నం ముందా? కొందరు గుడ్డును అన్నంలో కలిపేస్తారు.

గుడ్డు ముందు, దాని వెంటే అన్నం. సగం పచ్చి గుడ్డు గింజలకు పట్టి, అవి అంటుకోకుండా అడ్డుపడుతుంది. పూర్తిగా ఉడకనిస్తే గుడ్డు వేరు, అన్నం వేరు అవుతాయి. అన్నంలో పచ్చసొన ముందే కలిపి వేయించే పద్ధతి కూడా ఉంది, దాన్ని బంగారు చాహన్ అంటారు. గింజ గింజ పసుపుగా వస్తుంది కానీ, మంట తక్కువైతే అడుగంటుతుంది. మొదటి పదిసార్లు దాని జోలికి పోవద్దు.

సోయా సాస్ అన్నం మీదే పోయొచ్చు కదా, అంచున ఎందుకు?

అన్నం మీద పోస్తే పడ్డచోటే తడిసి మచ్చ పడుతుంది. కాగిన ఇనుప అంచు మీద పోస్తే క్షణంలో బుడగలొచ్చి, కొంచెం మాడి, కమ్మటి వాసన లేస్తుంది. అన్నానికి పట్టాల్సింది ఆ వాసన. పోసిన వెంటనే నాలుగైదు సార్లు తిప్పి దించేయండి.

నాన్‌స్టిక్‌లో చేయొచ్చా? రొట్టెల పెంక మీద?

నాన్‌స్టిక్‌ను ఖాళీగా పొగ వచ్చేదాకా కాచకూడదు, పూత పాడవుతుంది. నూనె పోసి, మధ్యస్థంగా వేడి చేసి మొదలుపెట్టండి. అన్నం అంటదు, మాడిన వాసన మాత్రం తక్కువ. ఇనుప కడాయి మేలు. ఇనుప పెంక కూడా బాగానే పనిచేస్తుంది, వెడల్పు వల్ల తేమ త్వరగా పోతుంది. అంచు ఎత్తు లేదు కాబట్టి అన్నం 150 గ్రాములు మించనీయకండి. మట్టి పెంక వద్దు, పగలవచ్చు.

అన్నమంతా అడుగంటుతోంది, ప్రతిసారీ గీకాల్సి వస్తోంది.

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: కడాయి కాగకముందే గుడ్డు పోయడం. కడిగిన కడాయిని మంట మీదే ఆరనిచ్చి, పొగ రానిచ్చి, చెంచా నూనె తిప్పి వేరే గిన్నెలోకి వంపేయండి. తర్వాత వంట నూనె కొత్తగా పోయండి. కొత్త ఇనుము కొన్ని రోజులు అంటుకుంటుంది, వాడినకొద్దీ నునుపెక్కుతుంది. సబ్బుతో రుద్ది ఆ నునుపును పోగొట్టకండి, వేడినీళ్లు, పీచు చాలు.

నలుగురం ఉన్నాం. ఒకేసారి చేస్తే ఎందుకు బాగుండదు?

ఇంటి పొయ్యి మంటకు హోటల్ బర్నర్ బలం ఉండదు. కిలో అన్నం ఒక్కసారి పడితే కడాయి చల్లబడి, అన్నం తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. ఒక్కరికి, మహా అయితే ఇద్దరికి సరిపడా చేసి దించి, మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కోటి నాలుగు నిమిషాలే కాబట్టి నలుగురికి పావుగంట. ముందు పిల్లలకు పెట్టేయండి, ఇది ఆగి తినేది కాదు. ఇండక్షన్ పొయ్యి అయితే చదును అడుగు గిన్నె వాడి, పైకెత్తి ఎగరేయకుండా గంటెతోనే తిప్పండి. ఎత్తిన ప్రతిసారీ వేడి ఆగిపోతుంది.

## వడ్డన, మిగిలినది

హోటల్లో గుండ్రంగా గుట్టలా పెడతారు, అదెట్ల?

చిన్న గిన్నెలో అన్నం నింపి, చెంచాతో తేలిగ్గా అదిమి, పళ్లెంలో బోర్లించండి. గట్టిగా అదిమితే అంత కష్టపడి విడదీసిన గింజలు మళ్లీ అతుక్కుంటాయి.

పక్కన ఏం పెట్టుకోవాలి?

అక్కడ బెనిషోగా అనే ఎర్రటి అల్లం ఊరగాయ పెడతారు. మనం లేత అల్లం అగ్గిపుల్లల్లా కోసి, ఉప్పు, నిమ్మరసంలో అరగంట ఉంచితే ఆ పని జరుగుతుంది. పల్చటి చికెన్ సూప్ ఉంటే సంపూర్ణం. పెరుగు చట్నీ దీనికి కలవదు.

పిల్లల టిఫిన్ బాక్సులో పెట్టొచ్చా?

పొద్దున వండిన అన్నంతో చేసి, పొగలు కక్కుతుండగా వేడి నిలిపే బాక్సులో పెడితే మధ్యాహ్నానికి పర్వాలేదు. రాత్రి మిగిలిన అన్నంతో చేసింది నేను బాక్సులో పెట్టను. ఒకసారి చల్లారి, మళ్లీ వేడెక్కి, మళ్లీ బడి వరండాలో నాలుగైదు గంటలుండే అన్నం పిల్లల కడుపుకు వద్దు. మార్చి నుంచి జూన్ దాకా అసలే వద్దు.

చేసింది మిగిలితే రాత్రికి వేడి చేసుకోవచ్చా?

రాత్రి అన్నంతో చేసిందైతే వద్దు, అది ఇప్పటికే ఒకసారి వేడెక్కింది. అప్పుడే వండిన అన్నంతో చేసి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే ఒక్కసారి, లోపలిదాకా పొగలొచ్చేలా వేడి చేసి తినొచ్చు. ఎంత తింటారో అంతే అన్నం కడాయిలో వేయండి, మిగతాది డబ్బాలో ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి.